టిక్కెట్టు మీద ఇద్దరు

గాజువాక,
16-12-1984

వరాలూ,

పద్మనాభంలో నువ్వు, పిల్లలు, కొత్తగా కొన్న గేదె, అందరూ కులాసా అనుకుంటాను. నా సంగతి చెబితే నవ్వకూడదు, మీ ఆయనకు చదివి వినిపించకూడదు. మా ఆయన మీద నాకు అనుమానం పుట్టింది.

చలికాలం మొదలైతే చాలు, నెలకో శనివారం రాత్రి డ్యూటీకని వెళ్ళి, ఆదివారం కూడా డబుల్ డ్యూటీ చేశానంటూ ఆ రాత్రికి ఇల్లు చేరతారు. పోర్టులో పనిచేసేవాళ్ళకు ఓడ వస్తే ఆదివారమేమిటి, సరేలే అని మూడేళ్ళు ఊరుకున్నాను. మొన్న ఆయనతో పనిచేసే శ్రీరామ్మూర్తి గారి భార్య కుళాయి దగ్గర, "పోయిన ఆదివారం ఓడేటీ రానేదు గదా తాయారూ, మా ఆయన ఇంట్లోనే తొంగున్నాడు" అంది. బిందె సగం నిండకుండానే ఇంటికొచ్చేశాను.

చొక్కా జేబు వెతికాను. తప్పని తెలుసు, అయినా వెతికాను. రంభ అని అచ్చువేసిన బోటు టిక్కెట్టు దొరికింది. మనుషులు ఇద్దరు. రంభ అంటే చిలికా సరస్సు ఒడ్డున ఊరట, పక్షులను చూపించడానికి అక్కడ బోట్లు తిప్పుతారట. పాపకు అప్పుడప్పుడు తెచ్చే ఈకలు గుర్తొచ్చాయి. హార్బరులో ఏరానంటారు. హార్బరులో కాకులూ బొగ్గుమసీ తప్ప గులాబీరంగు పిట్ట ఎక్కడుంది వరాలూ! సంచి దులిపితే పులిహోర మెతుకులు రాలాయి. నేను కట్టివ్వలేదు.

మాట తప్పే మనిషైతే ఇంత బాధ ఉండేది కాదు. నా మొదటి బిడ్డ, బాబు పోయాక, మా పైడితల్లి పుట్టినప్పుడు, ఇచ్ఛాపురంలో ఉండే వాళ్ళప్ప నారాయణమ్మతో ఈ నేల మీద మాట్లాడనని పాప తల మీద ఒట్టేయించాను కదా. వేశారు. తోడబుట్టినదాన్నే వదులుకున్నారు. అలాంటి మనిషి నాతో అబద్ధమాడుతున్నారంటే ఆ రెండో మనిషి ఎంత కావలసినదై ఉండాలి?

ఆవిడెవరో తేలిన రోజున పాపను తీసుకుని మా నాన్న ఇంటికి వచ్చేస్తాను. ట్రంకు పెట్టె సర్దేశాను. శ్రీరామ్మూర్తి గారు జనవరిలో చిలికాకు బస్సు మాట్లాడుతున్నారు. ఆయన్ని అడక్కుండానే మా ముగ్గురి పేర్లూ ఇచ్చేశాను.

నీ
తాయారు

గాజువాక,
21-1-1985

వరాలూ,

ట్రంకు పెట్టె ఇంకా విప్పలేదు. ముందు జరిగింది విను.

బయల్దేరేటప్పుడు ఎర్ర చీర తీశాను. "ఎర్రది వొద్దే, పచ్చది కట్టుకో" అన్నారు. ఎందుకని అడిగితే సంచి సర్దడంలో పడ్డారు. రంభ రేవులో గైడు మొదట చెప్పిన మాట ఏమిటో తెలుసా? ఎర్రబట్ట కనిపిస్తే పిట్టలు లేచిపోతాయి, కప్పుకోండమ్మా అని. శ్రీరామ్మూర్తి గారి భార్య కొత్త చీర మీద దుప్పటి కప్పుకుని మూతి ముడుచుకుంది. ఎప్పుడూ రానట్టు నటిస్తున్న మనిషికి ఈ సంగతి ఎలా తెలుసని నేను ఆయన వైపు చూశాను. ఆయన నీళ్ళ వైపు చూశారు.

దీవి దగ్గర గైడు ఇంజను ఆపి గెడతో తోశాడు. చలిదేశం బాతులవిగో, గులాబీ కొంగలవిగో అని వేలు చూపిస్తుంటే పాప చప్పట్లు కొట్టబోయి నోరు మూసుకుంది. నేను మాత్రం ఆడవాళ్ళ మొహాలు చూస్తున్నాను. ఇదా, ఇదా అని. రేవులో టీ అమ్మే ముసలమ్మను కూడా వదల్లేదు.

అప్పుడు గైడు వెనక బల్ల తుడిచి, "ఇలాగొచ్చీ బావూ, నీ జాగా ఇదే గదా. అప్పగారు రానేదేటి?" అన్నాడు.

ఆయన మొహం పాలిపోయింది. అప్ప అని పేరు పెట్టుకుని తిప్పుతున్నారన్నమాట అనుకుని, ఏ అప్ప అని గైడునే నిలదీశాను.

"ఇచ్చాపురం నారాయణమ్మగారమ్మా. ఆలేటి మనుసులో! రేవులో ఎడమొకం పెడమొకం. బోటు కదిలినాకే మాటలు. దీవి కాడ అందరూ దిగుతారు, ఈలిద్దరూ దిగరు. పిట్టల్ని సూడరు. పులిహోర తింటా ఒకటే కబుర్లు, ఒకటే ఏడుపు. మల్లీ రేవొచ్చేసరికి నోరు మూసేత్తారు."

ఆయన తల దించుకున్నారు. "నేల మీద మాటాడనన్నాను గదా తాయారూ. నాను నేల మీద మాటాడ్నేదు. పాప తల మీద సెయ్యేసినాను, తప్పితే దానికేటైనా ఐతే? ఒకడు పోనాడు, సాలదా?"

నాకు కోపమొచ్చింది, నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఇంకో ఆడదెవరైనా ఉండుంటే నాకు తేలిగ్గా ఉండేది వరాలూ. తప్పు ఆయనదయ్యేది. ఎందుకో నీకు చెప్పేముందు ఇంకొకరికి చెప్పాలి.

నీ
తాయారు

గాజువాక,
22-1-1985

వదినకు,

ఈ చేతిరాత చూసి, చదవకుండా పొయ్యిలో పెట్టకండి.

ఒక సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, మీ తమ్ముడికి కూడా. బాబుకు మీరు నీళ్ళు పోసిన మర్నాడు జ్వరం వచ్చింది. నీళ్ళు పోసి నా బిడ్డను చంపేశారని నలుగురిలో మీ మీద అరిచాను. పైడితల్లి పుట్టాక దానికీ నీళ్ళు పోస్తానని మీరు వస్తే, గడప దగ్గరే నిలబెట్టి ఒట్టు వేయించాను. కానీ బాబుది మెదడు జ్వరమని, నీళ్ళకూ దానికీ సంబంధం లేదని డాక్టరు బాబు పోయిన రోజే నాతో చెప్పాడు. మీ తమ్ముడు మందులకు వెళ్ళి ఉన్నారు. నేను విన్నాను వదినా. ఎవరి తప్పూ లేకుండా బిడ్డ పోయాడంటే తట్టుకోలేకపోయాను. తిట్టడానికి ఒక మనిషి కావలసి వచ్చింది, మీరు దొరికారు. ఆ తర్వాత నా అబద్ధాన్ని నేనే నమ్మి నాలుగేళ్ళు గడిపాను. మొన్న ఆయన జేబులు వెతికిన దాన్ని, నా లోపల ఒక్కసారీ వెతుక్కోలేదు.

ట్రంకు పెట్టె విప్పేశాను. ఈ ఆదివారం ముగ్గురం రంభకు వస్తున్నాం. మీరు బోటు ఎక్కకండి, రేవులోనే నిలబడండి. ఒట్టు వేయించింది నేను కనుక తీసి గట్టున పెట్టవలసింది కూడా నేనే. ఆ మాట మీ ఎదుట, పాప తల మీద చెయ్యి పెట్టి అంటాను. మీరు నన్ను ఏమన్నా పడతాను. ఆ రాత్రికి మీ ఇంట్లోనే ఉంటాం, పిలవకపోయినా ఉంటాం.

పైడితల్లికి పుట్టినప్పటి నుంచి నేను తప్ప ఎవరూ నీళ్ళు పోయలేదు. మా అమ్మను కూడా పోయనివ్వలేదు. సోమవారం పొద్దున్న మీరు పోయండి. నేను వీధి అరుగు మీద కూర్చుంటాను. లోపలికి తొంగిచూడను.

మీ మరదలు
తాయారు