వందలోంచి ఏడు

వనితక్కా,

ఇక ఫికర్ చెయ్యకు, అమ్మ మతి బాగానే ఉంది.

మతిమరుపు పరీక్షలో వందలోంచి ఏడు తీసెయ్యమని పంజగుట్ట డాక్టర్ అడిగితే అమ్మ తొంభై నాలుగంది. "ఏం చదువుకున్నరు?" అన్నాడాయన. "గణితంల పీహెచ్‌డీ సార్. మా ఊర్ల ఆడోళ్లల్ల మొదటామె," అన్నాను. అంత చదివినామెకు ఈ లెక్క రాలేదా అని ఆయన ముఖం వాడిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

అమ్మ ఆయన పెన్ను లాక్కుని, మందుల చీటీ వెనక తన పీహెచ్‌డీ నాటి సిద్ధాంతాన్ని మొదటినుంచి చివరిదాకా నిరూపించింది. ఆయనకేం అర్థమైందో గానీ నాకు ప్రాణం లేచొచ్చింది.

"గీ తీసివేతలు నాకెన్నడు రాలే బిడ్డా. మగ్గం మీద పోగులు తప్పు లెక్కవెడుతున్నననే మా నాయిన నన్ను బడికి తోలిండు," అంది.

అమీర్‌పేటలో ఇల్లు చేరాక గుర్తొచ్చింది. చిన్నప్పుడు మన కూడికలూ తీసివేతలూ దిద్దింది నాన్నే కదక్కా! మరుపు అమ్మకు కాదు, నాకు.

నీ చెల్లె