నాలుగో నిమ్మకాయ

ఏప్రిల్ 5, శనివారం

నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. ఎప్పటిలాగే నాన్నే పెట్టాడు. కారు కదిలింది. మూడే నలిగాయి. ముందు కుడి చక్రం పక్కన నాలుగోది అలాగే పడి ఉంది, చెక్కుచెదరకుండా. అమ్మ ముఖం మాడిపోయింది. నాన్న నవ్వేశాడు. "నేల ఎగుడుదిగుడుగా ఉందిలేవే."

రేసు చాలాసేపు బాగానే సాగింది. తర్వాత మూడో మలుపులో వంశీ పక్కనే ఉన్న ఎర్ర కారు మీదికి దిగిపోయాడు. తిరిగి తిరిగి గోడకి కొట్టుకున్నాడు. కుడివైపంతా నుజ్జు. రేడియోలో వాడి గొంతు వినిపించేదాకా ఊపిరి తీసుకున్నానో లేదో తెలియదు.

"ఐ యామ్ ఓకే. నా తప్పే నాన్నా. సారీ."

పోయిన రేసులోనూ ఇదే మాట. అంతకు ముందూ ఇదే. తప్పులన్నీ మా తమ్ముడే గుత్తకు తీసుకున్నట్టున్నాడు.

ఏప్రిల్ 6

రేసు కారుని మోసే ట్రైలర్ మీద పెయింట్ చేయించిన నా పేరు చూస్తే ఇవాళ ఒళ్ళు మండుతోంది. జనవరిలో, సంక్రాంతి రోజు అన్నం తింటూ నాన్న అన్నాడు — "ఈ ఏడు నుంచి టీమ్ నీదమ్మా. నేను పైన స్టాండ్స్ కప్పు మీద నిలబడి రేడియోలో వాడికి దారి చెప్తా, అంతే." అమ్మ పాయసం చేసింది. వంశీ చప్పట్లు కొట్టాడు. అప్పటి నుంచి ఏ స్ప్రింగ్ మార్చాలన్నా మెకానిక్ రాయ్ తల ఊపి, "లెట్ మీ ఆస్క్ యువర్ డాడ్" అంటాడు. పేరు నాది, పెత్తనం ఆయనది.

అయినా వంశీ విషయం మాత్రం నేనే తేల్చాలి. వాడు నెమ్మదించాడు. పక్కన ఖాళీ ఉన్నా దూరడు. ఆగుతాడు. పోయిన ఏడు ఇలా లేడు.

ఏప్రిల్ 8

అమ్మకి ఆ నిమ్మకాయ గొడవే. మోరిస్‌విల్ దాకా డ్రైవ్ చేసి గుడిలో పూజ చేయించాం. వంశీ పేరు, గోత్రం, కారు నంబరు కూడా చెప్పించింది. పూజారి గారు తడబడకుండా "ట్వంటీ సెవెన్" అని చదివేశారు. నాన్న కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. నేను కూడా గట్టిగానే మొక్కుకున్నాను. ఏం మొక్కానో ఇక్కడ రాయను.

ఏప్రిల్ 12

ప్రాక్టీస్. ముందు కారుకి, గోడకి మధ్య లారీ పట్టేంత సందు. వంశీ దూరలేదు.

ఏప్రిల్ 13

చెప్పేశాను. వంశీ బదులు కేసీని రెండు రేసులకి పిలుద్దాం అన్నాను. టెనెసీ అమ్మాయి, బెదురు లేదు, మా కారులో ఒకసారి కూర్చుంటానని తనే అడిగింది.

నాన్న ఉప్మా తింటున్నాడు. స్పూన్ కింద పెట్టాడు.

"మరి రేడియో?"

"ఇంగ్లీష్‌లో మాట్లాడండి నాన్నా. నోవై ఆఫీసులో ఇరవయ్యేళ్ళు ఇంగ్లీష్‌లోనే కదా ఉద్యోగం చేశారు."

"మీటింగ్ వేరు. అక్కడ రెప్ప వేసే లోపల చెప్పాలమ్మా. ఇంగ్లీష్‌లో అయితే నా నాలుక ఒక్క క్షణం ఆలోచించుకుంటుంది. ఆ క్షణంలో గోడ వచ్చేస్తుంది."

అది నిజమే. ఎదుటి టీములు మా రేడియో వింటాయని మొదట్లో సరదాకి తెలుగు పెట్టుకున్నాం. ఇప్పుడు మా టీమ్ అంటేనే అది. "లోపల... లోపలే... లోపలే... పోయాడు!" — లోపల అంటే లోపలి పక్కన ఇంకో కారుంది అని, పోయాడు అంటే పక్కన ఇక ఎవరూ లేరు, దిగిపో అని. మోరిస్‌విల్ నుంచి జ్యోతి ఆంటీ వాళ్ళు మడత కుర్చీలు, పులిహోర తెచ్చుకుని వచ్చేదీ అందుకే. రేడియో స్కానర్లు అద్దెకి తీసుకుని చెవులకి తగిలించుకుంటారు. రేసు అర్థం కాకపోయినా నాన్న వంశీని తిట్టే తిట్లకి పడీపడీ నవ్వుతారు. నాన్నకి ఆ సంగతి తెలుసు. జనం ఎక్కువున్న రోజున తిట్లూ ఎక్కువే.

వంశీ లేచాడు. ప్లేట్ కడిగి వెళ్ళిపోయాడు. కనీసం నా మీద అరిచినా బాగుండేది.

ఏప్రిల్ 19, శనివారం

అతుకులేసిన కారుతో తొమ్మిదో స్థానం.

అది కాదు రాయాల్సింది. అందరూ సర్దుకుంటుంటే జ్యోతి ఆంటీ నా దగ్గరికొచ్చింది. పులిహోర డబ్బా చేతిలో పెట్టింది. వెళ్ళబోయి ఆగింది.

"రేసుల గురించి నాకేం తెలుసులే గానీ... ఇందాక మీ నాన్నగారు పోయాడు అన్నప్పుడు ఆ బ్లూ కారు ఇంకా పక్కనే ఉంది కదమ్మా? పోయిన సారి ఎర్ర కారూ అంతే. మా పిల్లలూ అదే అంటున్నారు."

మీకు అక్కడి నుంచి సరిగ్గా కనబడదాంటీ అన్నాను. నవ్వాను కూడా.

ఏప్రిల్ 20

వంశీని కారు కింద నుంచి బయటికి లాగాను. చెప్పు అన్నాను. వాడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. శుభ్రమైన వేళ్ళని మళ్ళీ మళ్ళీ తుడిచాడు.

"నాన్న మాట మీద దిగడం మానేశా అక్కా. ఆయన పోయాడు అన్నాక మిర్రర్‌లో చూసుకుంటా. కనబడకపోతే ఒక బీట్ ఆగుతా. దట్స్ వై ఐ యామ్ స్లో."

"మరి ఆ రోజు ఎర్ర కారు?"

"ఆ రోజు ఆగలేదు. సరేలే, నమ్మి చూద్దాం అనుకున్నా."

హెల్మెట్. తలకి రెండువైపులా సీటు రెక్కలు. కిటికీకి వల. లోపల కూర్చున్నవాడికి పక్కన ఎవడున్నాడో తెలిసే దారే లేదు. పైన కప్పు మీద నిలబడ్డవాడి మాటే వాడికి కళ్ళు. ఆ కళ్ళని నమ్మకుండా ఇన్నాళ్ళూ తోలుతున్నాడు. నేను వాడికి బెదురు అనుకున్నాను. వాడి సీటు ఇంకొకరికి ఇస్తానన్నాను, వాడి ఎదురుగానే!

నాకెందుకు చెప్పలేదురా అంటే — "నీకు చెప్తే నువ్వు ఆయన్ని దింపేస్తావ్ అక్కా. అదొక్కటే కదా ఆయనకి మిగిలింది."

ఏప్రిల్ 21

భోజనాల బల్ల. నాన్న ఆ చివర, నేను ఈ చివర. పప్పులోకి తెచ్చిన నిమ్మకాయని ఆయన వైపు దొర్లించాను. "పట్టుకోండి నాన్నా."

చెయ్యి చాపాడు. పిడికిలి మూశాడు. అందులో ఏమీ లేదు. కాయ పక్కనుంచి దొర్లిపోయి కింద పడింది.

అమ్మ వంగి తీసి, కడిగి, కోసింది.

అపశకునమట! గుడికెళ్ళి కారు నంబరుకి అర్చన చేయించాం. ఆయన పెట్టిన నిమ్మకాయ చక్రం కింద కాకుండా పక్కన ఎందుకుందని ఇంతమందిలో ఒక్కరికీ తోచలేదు. ఇంజనీర్ల ఇల్లు మాది. సిగ్గేస్తోంది.

ఏప్రిల్ 22

ఒక్కరికీ తోచలేదని నిన్న రాశాను. అబద్ధం. అమ్మకి తెలుసు.

కుడి కంట్లో శుక్లమట. సంక్రాంతి ముందే డాక్టర్ చెప్పాడట. ఎడమ కన్నూ మొదలైందట. ఆపరేషన్ అంటే కొన్ని వారాలు పైకెక్కకూడదు, సీజన్ పోతుంది, నవంబర్‌లో చేయించుకుంటా, పిల్లలకి చెప్పావంటే నా మీద ఒట్టు — ఇదీ వాళ్ళిద్దరి ఒప్పందం. సంక్రాంతి ముందు! అంటే టీమ్ నీదమ్మా అన్న రోజుకే ఆయనకి తెలుసు. ఆ పాయసం కలిపేటప్పుడు అమ్మకీ తెలుసు.

"మరి నిమ్మకాయ చూసి ఎందుకమ్మా అంత భయపడ్డావు?"

"శకునానికి కాదే. కన్ను ఎంత పోయిందో అప్పుడు తెలిసింది. పూజ ఎవరికోసం చేయించాననుకున్నావ్?"

అమ్మ మీద అరవాలనీ ఉంది, ఆమె ఒళ్ళో తల పెట్టుకోవాలనీ ఉంది. రెండూ చెయ్యకుండా టైర్లు సర్దడానికి రేసు కారు ఉండే షాప్‌కి వెళ్ళాను. ఊరంతటికీ తెలుసు — ట్రైలర్ మీద పేరున్నదానికి తప్ప.

ఏప్రిల్ 23

కేసీకి సారీ చెప్పి మెసేజ్ పెట్టాను. వంశీకి ఇంకా చెప్పలేదు. ఎలా మొదలుపెట్టాలో...

ఏప్రిల్ 24

నాన్నతో మాట్లాడాను. షాప్‌లో, ఇద్దరమే.

"ఈ శనివారం పైకి నేనెక్కుతాను నాన్నా. మీరు కింద రాయ్‌తో ఉండండి."

"ఎవరు చెప్పారు?"

"నేనే చెప్తున్నాను."

"వంశీ చెప్పాడా?"

"వాడు మిమ్మల్ని కాపాడుకుంటూ వస్తున్నాడు నాన్నా. మీరున్నది వాణ్ణి కాపాడాల్సిన చోట."

అనేశాను. ఆ మాట కాస్త మెత్తగా అనుండొచ్చు. నోరు జారలేదు, కావాలనే అన్నాను. ఆయన నావైపు చూశాడు — సరిగ్గా నావైపు కూడా కాదు, నా భుజానికి కొంచెం పక్కకి. అప్పుడేడుపొచ్చింది నాకు. ఆయనకి కనబడకుండా తుడుచుకోవాల్సిన పని కూడా లేకపోయింది.

కంటి డాక్టర్ దగ్గర వచ్చే శనివారం ఉదయానికి బుక్ చేశాను, మే మూడుకి. చెప్పాను. అవుననలేదు, కాదనలేదు. హెడ్‌సెట్ తీగ చుట్టి కొక్కేనికి తగిలించాడు.

ఏప్రిల్ 26, శనివారం

పైన గాలి ఎక్కువ. కింద నిలబడి చూసే ట్రాక్ వేరు, ఇది వేరు. ఇన్నేళ్ళు ఆయన ఇక్కడ ఒక్కడే నిలబడ్డాడా అనిపించింది. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "లోపల... లోపలే..." — నాన్న యాసలోనే వస్తోంది, ఆయన విరుపుతో సహా. వంశీ దూరుతున్నాడు. ఆగడం లేదు! పోయాడు అనగానే దిగుతున్నాడు. నాకు గంతులు వెయ్యాలనిపించింది.

చివర్లో ఎర్ర కారు మళ్ళీ పక్కనే. లోపల. లోపలే. ఇంకా లోపలే ఉన్నాడు.

రేడియోలో నాన్న గొంతు — "పోయాడు!"

కింద, కార్లు ఆగే పిట్ గోడ దగ్గర నుంచి, రాయ్ హెడ్‌సెట్ అందుకుని. అక్కడి నుంచి మంచి కళ్ళకే ఆ మలుపు కనబడదు. చెవులతో చూశాడో, అలవాటుతో అన్నాడో.

"అక్కా... ఎవరి మాట?"

"నా మాట. ఉన్నాడు. దిగకు."

దిగలేదు. ఎర్ర కారు వంశీ తలుపు పక్కనుంచే మలుపంతా వచ్చింది. అందరూ చూశారు. స్టాండ్స్‌లో స్కానర్లు పెట్టుకున్న మోరిస్‌విల్ వాళ్ళందరూ విన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదట. జ్యోతి ఆంటీ చెవుల్లోంచి తీసి ఒళ్ళో పెట్టుకుందట.

ఆ తర్వాత నాన్న బటన్ నొక్కలేదు. నాలుగో స్థానం. ఈ ఏడు ఇదే మా బెస్ట్. కిందికి దిగేసరికి ఆయన అక్కడ లేడు. అమ్మతో కారులో ఇంటికెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళలో రేసు కారుని ట్రైలర్ ఎక్కించే దాకా ఆగకుండా వెళ్ళడం ఇదే మొదటిసారి.

ఏప్రిల్ 27

వంశీకి సారీ చెప్పాను. "ఇట్స్ ఓకే" అన్నాడు. తర్వాత, "పైన నువ్వు బాగా చెప్పావ్ అక్కా. కానీ సైలెన్స్ వచ్చినప్పుడు భయమేసింది. తిట్లు లేవు" అన్నాడు.

ఏప్రిల్ 29

నాన్న షాప్‌కి రాలేదు. ఇంట్లో టీవీ. శబ్దం పెద్దగా పెట్టుకుని, కళ్ళు మూసుకుని. భోజనానికి రమ్మంటే ఆకలి లేదన్నాడట. నేను చేసింది తప్పు కాదు. వందసార్లు అనుకున్నా కాదు. తప్పు కానప్పుడు ఎందుకిలా ఇంట్లో దొంగలా తిరుగుతున్నానో.

మే 1

రాయ్ ఇవాళ స్ప్రింగ్ గురించి నన్నే అడిగాడు. ఎవరినీ అడుగుతానని అనలేదు. ఎన్నాళ్ళుగానో కోరుకున్నది. ఏమాత్రం సంతోషం లేదు.

మే 2

రేపు డాక్టర్ ఉదయం, రేసు సాయంత్రం. నేను తీసుకెళ్తానన్నాను. "మీ అమ్మ ఉంది" అన్నాడు. వారం రోజులకి నాతో మాట్లాడిన మొదటి మాట. మీ అమ్మ ఉంది అంటే వెళ్తాననా? నీతో రాననా?

మే 3, శనివారం

లేచేసరికి ఇల్లు ఖాళీ. అమ్మ లేదు, కారు లేదు. ఫ్రిజ్ తెరిచాను. రేసు కోసం తెచ్చి పెట్టిన నిమ్మకాయల సంచీ లేదు.

ట్రాక్‌కే వెళ్ళాడా? లేక దూరప్రయాణానికి పెట్టినట్టు డాక్టర్ దగ్గరికెళ్ళే కారు కిందా పెట్టించాడా? అమ్మకి ఫోన్ చేస్తే వాయిస్ మెయిల్. నాన్నకి చేస్తే రింగవుతూనే ఉంది.

షాప్‌కి పరిగెత్తాను. ఆయన హెడ్‌సెట్ కొక్కేనికే ఉంది. తీగ చుట్టినట్టే ఉంది. నిమ్మకాయలు తీసుకెళ్ళి, ఇది వదిలేశాడు. సరే అనడమా ఇది, అలిగి వెళ్ళడమా? మా నాన్న విషయంలో రెండూ ఒకేలా ఉంటాయి.

వంశీ బయట హారన్ కొడుతున్నాడు. లోడ్ చేయడం అయిపోయింది, ఇంకేం కావాలి అంటున్నాడు.

నా హెడ్‌సెట్ మెడలో ఉంది. నాన్నది కొక్కెం నుంచి తీశాను. మళ్ళీ తగిలించాను. మళ్ళీ తీశాను. ఇది ఒక చేతిలో పట్టుకునే రాస్తున్నాను.