బోటులో ఎదుటి అంచు

లచ్చమ్మా,

నీ సంవత్సరీకం అయిన వారానికి మన కూతురు అరుణ నన్ను విశాఖపట్నం తీసుకొచ్చింది.

శామీర్‌పేట చెరువులో ఇన్నేళ్లు పుట్టి నడిపాను, నిన్ను ఒక్కసారీ ఎక్కించుకోలేదు. ఎప్పుడడిగినా "ఆడోళ్లు ఎక్కితే చేపలు పడయి" అనేవాణ్ణి. "మరి గా చేపలు అల్వాల్‌ల అమ్మేది ఆడోళ్లే గదా!" అని గంప నెత్తిన పెట్టుకుని వెళ్లేదానివి.

నిన్న పొద్దుగూకే వేళకు అరుణ నా ఒక్కడికోసమే బోటు మాట్లాడింది. అలలు చూస్తేనే తనకు కళ్లు తిరుగుతాయని ఒడ్డునే ఉండిపోయింది.

బోటు తీరం వెంబడి కొండల పక్కగా వెళ్లింది. సూర్యుడు కొండల వెనక్కి దిగుతుంటే నీళ్లన్నీ తోమిన రాగిబిందె రంగుకు తిరిగాయి. నువ్వుంటే నోరు మూసేదానివి కాదు. నాకేమో తెడ్డు కూడా లేక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కాసేపటికి బోటు నడిపే అతను నావైపు చూశాడు.

"అలా అంచున కూర్చున్నారేంటి తాతగారూ? మధ్యలోకి రండి. ఇది పెద్ద బోటు, ఒరగదు."

అప్పుడు చూసుకున్నాను. గుండ్రటి పుట్టిలో ఇద్దరుంటే, బరువు సరిపోవాలని చెరో అంచున కూర్చుంటాం కదా. ఎక్కగానే నేనలాగే కూర్చున్నాను. ఒక్కడే అయితే మధ్యలో కూర్చోవాలని నాకు తెలియక కాదు.

"నాకు గిట్లనే మంచిగుంది బిడ్డా" అన్నాను.

ఒడ్డు చేరేదాకా జరగలేదు.