నీళ్ళు లేవంటే నవ్వే మనిషి

చెల్లీ కసిమీరా,

ఇక్కడ అందరం కులాసా, కాలువే చిక్కిపోయింది. కొండమీది దుర్భిణి వాళ్ళు గాలిలో తేమ కొలిచే లేజరు పెట్టారు. మనిషి చెయ్యి పడకుండా అదే ఆకాశంలోకి వెలుగు పంపి లెక్క తీస్తుంది.

"పైన నీళ్ళెట్లా ఉన్నాయి బాబూ?" అని అక్కడి ఇంజనీరు రెనాటోను అడిగాను.

"అస్సల్లేవు తాతా, మాకు పండగే" అన్నాడు. తేమ ఉంటే వాళ్ళకు చుక్కలు సరిగా ఆనవట.

"నీ పండగ మా లామాల మందకు పస్తురా" అన్నాను.

కాలువ పూడిక తీసి కొండను నీళ్ళడిగే రోజున తనూ పార పడతాడట. మంచివాడే, వద్దనలేకపోయాను. కానీ నీళ్ళు వద్దనుకునేవాడు మన వరసలో నిలబడి మొక్కితే కొండ ఎవరి మాట వింటుందో నాకు అనుమానమే.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలకు దీవెనలు. పూడికతీతకు మీ ఆయన్ని తప్పక తీసుకురా. ఊరంతా తిట్టుకునే ఆ ఉరుము గొంతుతో ఇన్నాళ్ళకు పని పడింది.

నీ అన్న ఎలెఉతేరియో