అదీ, అడీ

ఆదివారం, రాత్రి

ఈరోజు మా మేడ మీద ఒక హత్య, ఒక హత్యాయత్నం జరిగాయి. హతురాలు మా టీవీ డిష్.

గాలివానకి డిష్ పక్కకి తిరిగి బొమ్మ పోయింది. నాన్న ముందు సెట్‌టాప్ బాక్సుకి శాస్త్రోక్తంగా చెంపలు వాయించాడు. అది లొంగకపోయేసరికి పక్కింటి సెల్వం మామని పిలిచాడు. మామ సుత్తి పట్టుకుని మేడెక్కి డిష్‌ని కొంచెం కొంచెంగా తిప్పుతున్నాడు. కింద టీవీ ముందున్న అమ్మ, బొమ్మ కనపడగానే ఆనందం పట్టలేక కేకేసింది. "అదీ, అదీ."

అరవం మాట్లాడే మామ చెవికి అది "అడి, అడి" అని చేరింది. అంటే కొట్టు, కొట్టు అని. కొట్టాడు. డిష్ ముందుండే చిన్న తలకాయ తెగి వీధిలో పడింది.

నాన్న మేడెక్కి మామ కాలర్ పట్టుకున్నాడు. "కండ్లు యాడ పెట్టుకున్నావురా?"

"అక్కదానే అడి అనింది," అని తప్పు అమ్మ మీదకి తోస్తూ మామ నాన్న గొంతు పట్టి మెట్లగది గోడకి నొక్కాడు. రెండో చేతిలో సుత్తి లేచింది. నాన్న వెనకే మేడెక్కిన నాకు ఈసారి జోకు తట్టలేదు. అమ్మ నోరు తెరవకూడదని మొక్కుకున్నాను.

చప్పుడు విని అమ్మ మెట్లెక్కి వచ్చింది.

"ఏంది అది?"

సుత్తి దిగింది. నాన్న చెవి పక్కన గోడ పెచ్చు ఊడింది. మామ తన చేతిని తానే వింతగా చూసుకుని, సుత్తి పారేసి, దిగి వెళ్లిపోయాడు.

భోజనాల దగ్గర నాన్న ఊరగాయ జాడీ వైపు చేయి చూపించాడు. "అది" అని మాత్రం అనలేదు.