కుట్టుగది కొత్త పైకప్పు

వీధిలో అందరూ కత్తెరమ్మ అని పిలిచే నేను, మేడ మీద కుట్టుగది నడుపుతున్న దాన్ని, ఒంట్లో నలతగానీ బుద్ధిలో తడబాటుగానీ లేకుండా, ఈ రోజుకీ సూదిలో దారం మొదటిసారికే ఎక్కిస్తూ, ఎవరి బలవంతమూ లేకుండా నా ఇష్టప్రకారం రాయించిన వీలునామా ఇది. ఇందులోని ఆస్తి యావత్తూ నా స్వార్జితం. దీన్ని అమలు జరిపే బాధ్యత నా మేనకోడలిది.

1. కుట్టుగదిని, దాని కొత్త పైకప్పుతో సహా, నా తదనంతరం మా మరిదికీ అతని భార్యకీ సమాన హక్కులతో ఇస్తున్నాను. బంధువులు ముక్కున వేలేసుకుంటారు కనుక కారణం కూడా రాయిస్తున్నాను.

ఆ గదికి పాత ఇనుపరేకుల కప్పు ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఇస్త్రీ చెయ్యకుండానే బట్ట కాలిపోయేది. చెమట మరకలు పడతాయని తెల్లబట్ట ముట్టుకునేవాళ్ళం కాదు. నా దగ్గర ఎంతోకాలంగా పనిచేస్తున్న, నా అన్నవాళ్ళెవరూ లేని ఎంబ్రాయిడరీ ఆవిడ ఒకరోజు చేతిలో పని మీదకే సోలిపోయింది. మొహాన నీళ్ళు చల్లి కూర్చోబెడితే, "ఇంకో ఎండాకాలం ఇక్కడ కూర్చోలేనక్కా, ఏమీ అనుకోకు," అంది. ఆమె లేకపోతే నా కొట్టు మూతపడినట్టే.

కాజాలు కుట్టే మిషన్ కోసం దాచిన డబ్బు నా దగ్గరుంది. కప్పులు వేసే మేస్త్రీని పిలిచి అడిగితే, మధ్యలో ఫోము పొర ఉన్న తెల్లరేకులు వేయిస్తే వేడి కిందికి దిగదన్నాడు. ధర వినేసరికి నాకు కళ్ళు తిరిగాయి. బ్యాంకులో రిటైరైన మా మరిదిని సలహా అడిగాను. పెళ్ళిఖర్చు కూడా దండగేనని ఒంటిగా ఉండిపోయిన మనిషి. కరెంటు బిల్లులు ముందేసుకుని తేల్చేశాడు. "పెట్టిన డబ్బు తిరిగి రావడానికి పదకొండేళ్ళు పడుతుంది వదినా. అప్పటికి మీకు ఎనభై దాటుతాయి. గిట్టుబాటు కాదు."

"అయితే ఎనభై దాటేదాకా చల్లగా కుట్టుకుంటానన్నమాట," అని మర్నాడే మేస్త్రీకి బయానా ఇచ్చాను.

కప్పు మారాక తన లెక్క సరిచూసుకోవాలని మరిది థర్మామీటరు పట్టుకొచ్చి గోడకి తగిలించి, ఎదురుగా కూర్చున్నాడు. మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. వారం తిరిగేసరికి థర్మామీటరు వంక చూడటం మానేసి, ఎంబ్రాయిడరీ ఆవిడకి దారాల రంగులు ఏరిపెట్టడం మొదలుపెట్టాడు. ఆకుపచ్చలో ఇన్ని రకాలున్నాయని ఇన్నాళ్ళూ తెలియలేదని అతను నాతో చెబుతుంటే నవ్వు ఆపుకోలేకపోయాను. వానలు పడి ఊరంతా చల్లబడ్డాక కూడా రావడం మానలేదు.

"ఇప్పుడేం కొలుస్తున్నారు?" అని ఆవిడే అడిగింది.

మరిది గబగబా థర్మామీటరు వైపు తిరిగాడు. నేను మిషన్ తొక్కడం ఆపి, "పెళ్ళిబట్టలకి కొలతలు నేను తీసుకుంటాలే," అన్నాను. ఇద్దరూ కాదనలేదు.

పోయిన నెల రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలయ్యాయి. నిన్నటిదాకా నా దగ్గర పనిచేసిన మనిషి ఇవాళ నాకు తోటికోడలు.

2. షరతు: ఏటా ఎండలు ముదరకముందే ఆ రేకుల మీద దుమ్ము కడగాలి. మురికి పట్టిన తెల్లరేకు వల్ల లాభం లేదు. ఈ పని మరిదే చెయ్యాలి. కూలి మిగులుతుందని ఎలాగూ అతనే చేస్తాడు.

3. నా మేనకోడలు తన ఫ్లాటుకీ ఏదైనా చేయిద్దామని డబ్బు అడుగుతోంది. ఇవ్వను. నెత్తిన ఇంకో రెండు అంతస్తులున్న ఇంటికి పైకప్పు మార్చి ఏం లాభం? నీకు ఎండ పడమటి కిటికీలోంచి వస్తోందమ్మా. దానికి మందపాటి తెరలు కుట్టి పెట్టెలో ఉంచాను. నా పాత కుట్టుమిషన్ కూడా నీదే. వంకరగా కుట్టినా అది నిన్నేమీ అనదు.

4. చేతులు బిగుతుగా ఉన్నాయని నలుగురిలో జాకెట్టు నా మొహాన కొట్టిన మా అక్కకి ఆ జాకెట్టే ఇస్తున్నాను. తప్పు నా కుట్టుది కాదు, అక్క చేతులు లావెక్కాయి. లోపలి మడతలో బట్ట ఉంచి కుట్టాను గనుక విప్పి వదులు చేశాను. దీనికి మాత్రం నేను పోయేదాకా ఆగనక్కర్లేదు. వచ్చి తీసుకో అక్కా, నిన్ను చూసి చాలా రోజులైంది.

5. కొత్త కప్పు గిట్టుబాటయిందా అని వీధివాళ్ళంతా అడుగుతున్నారు. కరెంటు బిల్లు మరిది చెప్పినంతే తగ్గింది, అతని లెక్కలో తప్పు లేదు. బిల్లు కోసమే అయితే ఆలోచించుకోండి. ఆ కప్పు కింద మిట్టమధ్యాహ్నం మనిషి కూర్చుని పనిచెయ్యాలంటే మాత్రం వెంటనే వేయించండి.

6. ఈ రేకులకి మేస్త్రీ పాతికేళ్ళ హామీ ఇచ్చాడు. అతని మాట నిజమో కాదో దగ్గరుండి చూడాలని నా ఉద్దేశం. కనుక వారసులెవరూ తొందరపడవద్దు.

తేదీ: మే పధ్నాలుగు, మిట్టమధ్యాహ్నం, ఫ్యాను ఒకటో నంబరు మీద.

(సంతకం) కత్తెరమ్మ

సాక్షులు:
మేడ కింద మందుల షాపు ఆయన
ఎదురింటి లెక్కల టీచరమ్మ

దస్తూరి: పక్కవీధి వకీలు