గుట్ట దిగిన రాయి

స్కాట్లాండ్,
ఆదివారం.

అన్నకు, వదినకు చెల్లెలు సుజాత నమస్కారాలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, నా గురించి దిగులు పెట్టుకోవద్దు. నాయనకు దగ్గు తగ్గిందా? వదిన మోకాలి నొప్పి ఎలా ఉంది? మొన్న ఫోన్లో నువ్వు స్పీకర్ పెట్టావు, నాయన పక్కనే ఉన్నాడు, చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం. ముందు నువ్వొక్కడివే చదువు.

ఇక్కడ వానో మంచో ఏదో ఒకటి పడుతూనే ఉంటుంది. ఊరిబిండి పచ్చడి చేసుకుందామంటే రోలు లేదు, మిక్సీలో వేస్తే మరీ మెత్తగా అయిపోతుంది. లైబ్రరీలో నా పని నీకు తెలుసుగా, పాత పటాల దుమ్ము తుడిచి స్కాన్ చేయడం. రోజంతా మాట్లాడే మనిషి ఉండదు. బాగానే ఉన్నానులే.

"మన పల్లె తమిళనాడులో ఉండాదని కొత్త సర్వేవోళ్లు అంటా ఉండారు మే. దొరల కాలం పటం ఆడ ఉంటాది, ఎతుకు. అది సూపిస్తే మనం ఆంధ్రావాళ్లమేనని ఒప్పుకుంటారు. నా చెల్లెలు పంపిస్తాదని ఆఫీసరుకు చెప్పేసినాను" అన్నావు కదా. మూడు వారాలు వెతికాను. దొరికింది అన్నా.

భూమి ఎంత గుండ్రంగా ఉందో కొలవడానికి వచ్చిన తెల్లవాళ్లు గీసిన పటం అది. మన ఊరు ఎవరిదో తేల్చడానికి వచ్చినవాళ్లు కారు. మన పల్లె అందులో మూడు నల్ల చుక్కలు, పేరు కూడా రాయలేదు. వాళ్లు నాటిన రాయి మీదుగానే తర్వాత జిల్లాల గీత పడింది, అదే రాష్ట్రాల గీత అయింది. పటంలో ఆ రాయి పల్లెకు దక్షిణాన, మనం గుట్టమ్మకు పొంగళ్లు పెట్టేచోట లేదు. ఉత్తరాన, గుట్ట మీద ఉంది. అంటే మన పల్లె గీతకు అవతల, తమిళనాడు వైపే పడుతుంది.

అవ్వ చెప్పేది గుర్తుందా? "పొంగలి కుండ ఎత్తుకోని గుట్ట ఎక్కలేక సస్తా ఉంటే, మీ తాత బండి కట్టి గుట్టమ్మను కిందికి దించుకోనొచ్చినాడు" అని. తాత దించుకొచ్చింది సర్వే రాయిని. పసుపు పూసి మనమంతా మొక్కింది దానికే. ఇన్నాళ్లూ అధికారులు కూడా దాన్ని చూసే మనల్ని ఆంధ్రాలో ఉంచారు. ఇప్పుడు ఎవరిని తిట్టమంటావు?

పటం దాచేద్దామా అనిపించింది, నీ దగ్గర అబద్ధమెందుకు. కానీ రాయి ఎక్కడుందో చూసుకునేలోపే నా చేత్తోనే స్కాన్ చేసి లైబ్రరీ పైవాళ్లకు పంపేశాను. నెలాఖరుకు ఇంటర్నెట్లో పెడతారు, ఎవరైనా చూడొచ్చు. ఆపమనడానికి నేనెవరిని? బాత్రూంలోకి పోయి ఏడ్చాను. నాయన పింఛను, నీ పాసుపుస్తకం, పిల్లల తెలుగు బడి ఏమవుతాయో తెలియదు. తమిళం మనకు కొత్త కాదు, మన పక్కనున్న తడ ఊళ్లో సగం మాటలు అవే. అయినా ఈ వయసులో నాయనతో నువ్వు ఇక్కడివాడివి కాదంటే తట్టుకుంటాడా?

వీలైతే చెనిక్కాయల పొడి పంపించు. నాయన కాళ్లకు నా బదులు మొక్కి, దీవించమని చెప్పు. శుక్రవారం గుట్టమ్మకు నా పేరున దీపం పెట్టించు. ఏ రాయో తెలిసినా మొక్కకుండా ఉండలేను.

కవరు మీద చిరునామా రాస్తుంటే రాష్ట్రం పేరు దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఎప్పటిలాగే ఆంధ్రప్రదేశ్ అని రాశాను. చేరితే ఒక్కసారి ఫోన్ చెయ్యి.

నీ చెల్లెలు
సుజాత